జేమీ లీవర్: మైకు ముందర ఒంటరిగా నిలబడిన తెలుగింటి బిడ్డ

(గుడియాత్తంలో జరిగిన వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి మాట్లాడిన మాటలు)



వేదిక మీద ఉన్న సమాఖ్య పెద్దలకు, వేలూరు నుంచి, పేర్ణంబట్టు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులు మారి వచ్చిన సంఘాల వాళ్ళకు, మన గుడియాత్తం మగ్గాల వీధుల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, ముందు వరసలో కూర్చుని మిక్చరు పొట్లాలు విప్పుతా ఉన్న పిలకాయలకు కూడా మా నమస్కారాలు.

ప్రతి ఏడూ మేము ఈ సభలో మాట్లాడేది మీకు కంఠోపాఠం. నూలు ధర, రిబేటు బాకీ, గోడౌనులో మూలుగుతా ఉన్న లుంగీలు, పింఛను దరఖాస్తులు. మేము మైకు పట్టుకుంటే వెనక వరస లేచి టీ తాగను పోతుంది, అదీ మాకు తెలుసు. ఈ ఏడు ఆ లెక్కలన్నీ అచ్చేసి మీ చేతికే ఇచ్చినాము. ఇంటికి పోయి చదువుకోండి. ఈ పొద్దు మేము మాట్లాడబోయేది ఒక హాస్యనటి గురించి. పేరు జేమీ లీవర్. నవ్వకండి. ముప్పై ఏళ్ళు లెక్కల పుస్తకం చదివిన నోటికి సినిమా ఆవిడతో ఏం పని అని మీరు అనుకుంటా ఉంటారు. పని ఉంది. మేము తీర్చుకోవాల్సిన బాకీ ఒకటి ఉంది, అది సంఘం లెక్కల్లో రాయని బాకీ. దాని కాడికి వస్తాము, కొంచెం ఓర్చుకోండి.

ఈ బిడ్డను మేము మొదట చూసింది 2020లో, కరోనా మూతలప్పుడు. ఆ రోజులు మీకు చెప్పబల్లేదు. మగ్గం మీద పడుగు ఉంటే పేకకు నూలు లేదు, నూలు ఉన్నవాళ్ళకు నేసిన లుంగీ కొనే నాథుడు లేడు. ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ కూర్చునేవాళ్ళం. మా మనవరాలు ఒక వీడియో చూపించింది. ఒక అమ్మాయి, పెద్ద వేషం ఏమీ లేదు, సినిమా డైరెక్టరు ఫరా ఖాన్ మాదిరి మాట్లాడతా ఉంది. మాకు హిందీ రాదు. ఫరా ఖాన్ ఎవరో అంతకుముందు తెలీదు. అయినా నవ్వు వచ్చింది. ఎందుకంటే ఆ మాట విరుపు, ఆ విసుగు, ఎదుటివాణ్ణి పురుగును చూసినట్టు చూసే చూపు, అట్లాంటి మనిషి మన వీధిలోనూ ఒకరు ఉన్నారు కాబట్టి. "తాతా, ఈమె జానీ లీవర్ కూతురు, మన తెలుగువాళ్ళే" అని మనవరాలు చెప్పింది. అప్పట్నుంచి మేము అడిగి, చదివించుకుని తెలుసుకున్నదే ఇప్పుడు చెప్తాము.

బిడ్డ కథ చెప్పాలంటే తండ్రి కథ తోనే మొదలుపెట్టాలి. జానీ లీవర్ గారిని మీరంతా హిందీ సినిమాల్లో చూసే ఉంటారు. ఆయన అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. పుట్టింది కనిగిరిలో, 1957లో. పెరిగింది ముంబాయిలో, ధారావిలో. పొట్ట చేత పట్టుకుని పోయిన తెలుగు కుటుంబం. మన నేతవాళ్ళు తెలంగాణ నుంచి భివండికి, షోలాపూరుకు పోయినట్టే. ఇంటికి పెద్దకొడుకు. ముంబాయిలో తెలుగువాళ్ళు పెట్టుకున్న ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో ఏడో తరగతి దాకా చదివినాడు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయి ఆడికి ఆపేసినాడు. మాది ఎనిమిదో తరగతి చదువు. అంటే చదువులో ఆయనకంటే మేము ఒక మెట్టు పైన ఉన్నాము, ఇది మీరు గమనించాలి.

బడి మానేసి ఆయన చేసిన పని ఏమంటే, ముంబాయి వీధుల్లో పెన్నులు అమ్మడం. పెన్నులు అందరూ అమ్ముతారు. ఈయన సినిమా హీరోల గొంతులతో మాట్లాడతా, వాళ్ళ మాదిరి నడుస్తా, ఆడతా అమ్మేవాడు. తర్వాత వాళ్ళ నాయన పనిచేసే హిందుస్థాన్ లీవర్ కంపెనీలోనే కూలి పనికి చేరినాడు. లక్స్ సబ్బు, లైఫ్‌బాయ్ సబ్బు చేసే ఆ కంపెనీయే. అక్కడ ఒకసారి కంపెనీ ఫంక్షను జరిగింది. వేదిక మీదికి ఎక్కి ఈయన పెద్ద ఆఫీసర్ల మాదిరి మాట్లాడి చూపించినాడు. ఒక కూలి మనిషి, తనకు జీతమిచ్చే వాళ్ళ గొంతులు వాళ్ళ ఎదురుగానే పలికినాడు. కార్మికులు పడీ పడీ నవ్వి, జాన్ కాస్తా జానీ అయి, కంపెనీ పేరు పక్కన చేరి, "జానీ లీవర్" అని పిలవడం మొదలుపెట్టినారు. ఆ పేరే నిలిచిపోయింది. కనిగిరి నుంచి తెచ్చుకున్న ఇంటిపేరు పక్కకు పోయి కార్ఖానా పేరు ఇంటిపేరైంది. రేపు ఆయన బిడ్డకూ అదే.

స్టేజీ షోలు ఎక్కువై, డ్యూటీకి పోలేక, 1981లో ఆయన ఆ ఉద్యోగం వదిలేసినాడు. నెల జీతం వదలడమంటే ఏమో మనకు తెలుసు. మగ్గం దిగి ఎవరైనా తోళ్ళ ఫ్యాక్టరీలో నెల జీతానికి కుదిరితే మనం ఆ ఇంటికి పిల్లనిస్తాము. ఈయన దానికి ఎదురు దోవ పట్టినాడు. 1982లో అమితాబ్ బచ్చన్ తోబాటు దేశాలు తిరిగే షోలో పోయినాడు. ఆ ఏడే సునీల్ దత్ గారు తన సినిమాలో వేషమిచ్చినారు. ఆ తర్వాత 1993లో అబ్బాస్-మస్తాన్ అనే అన్నదమ్ములు తీసిన 'బాజీగర్'లో మతిమరుపు నౌకరు బాబూలాల్ వేషం. ఆ వేషంతో ఊరూరా తెలిసిపోయినాడు. కామెడీకి ఫిలింఫేర్ అవార్డు రెండుసార్లు వచ్చింది.

ఇంత చెప్పి ఇక్కడ ఆగుతాము. ఆ హిందుస్థాన్ లీవర్ ఫంక్షను సంగతి తెలిసిన పొద్దు మాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాము.

పోయిన ఏడు ఇదే వార్షికోత్సవం. పిలకాయల ఆటపాటలు జరుగుతా ఉన్నాయి. పదో తరగతి చదివే ఒక ఆడబిడ్డ మైకు ముందరికి వచ్చింది. పేరు చెప్పము, మీలో చాలామందికి తెలుసు. మొదట పట్టిమన్రంలో మాట్లాడే వాళ్ళ మాదిరి మాట్లాడింది, బాగుంది, చప్పట్లు కొట్టినాము. తర్వాత బస్టాండులో కండక్టరు. అదీ బాగుంది. మూడోది మేము. కళ్ళద్దాలు పైకి ఎగదోసుకోవడం, రెండుసార్లు గొంతు సవరించుకోవడం, కాయితం దూరంగా పెట్టి చదవడం, చదివి "గౌరవనీయులైన సభ్యులారా, నూలు వచ్చే వారం వస్తుంది" అనడం. ఒక్కసారి కాదు. "వచ్చే వారం" అని నాలుగు సార్లు, ఒక్కోసారికి గొంతు ఇంకొంచెం తగ్గిస్తా అనింది. ఈ మండపం పైకప్పు ఎగిరిపోయేటట్టు నవ్వినారు మీరు. మేము సౌండు సర్వీసు తమ్ముడికి చెయ్యి ఊపినాము. మైకు ఆగిపోయింది. ఆ బిడ్డ నోరు ఆడతానే ఉంది, మాట వినబడలేదు. అట్లానే దిగి వెళ్ళిపోయింది.

సభ అయినాక వాళ్ళ నాయన వచ్చి, "తప్పయిపోయింది అన్నా, పిల్ల తెలీక చేసింది" అని చేతులు పట్టుకున్నాడు. మేము ఏమన్నాము? "ఆడపిల్లకు అంత నోరు పనికిరాదప్పా, రేపు సంబంధాలు చూడాల" అన్నాము. ఆయన తల వంచుకుని పోయినాడు. మేము గెలిచినట్టు అనుకున్నాము.

ఆ ఏడాదిలో నూలు ఆలస్యం అయింది నిజం. "వచ్చే వారం" అని మేము అన్నదీ నిజం. ఎన్ని వారాలు అన్నామో ఆ బిడ్డ తక్కువ చేసే చెప్పింది. మీరు నవ్వింది మా గొంతుకు కాదు, రాని నూలుకు. ఇది తెలుసుకోను మాకు అంతకాలం పట్టింది. ఒక కూలివాడు ఆఫీసర్ల గొంతు పలికితే ఆయనకు ఒక పేరు వచ్చింది. నేతగాడి బిడ్డ కార్యదర్శి గొంతు పలికితే మేము కరెంటు ఆపినాము.

సరే, జేమీ దగ్గరికి వస్తాము.

నవ్వించే ఇంట్లో పుట్టింది కాబట్టి నవ్వించడం తేలిగ్గా వచ్చుంటుంది అని మనకు అనిపిస్తుంది. ఆ బిడ్డ తిన్నగా స్టేజీ ఎక్కలేదు. లండన్‌కు పోయి, వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీలో మార్కెటింగ్ చదువు చదివింది. ఆడే ఒక కంపెనీలో ఉద్యోగం కూడా చేసింది. తండ్రి ఏడో తరగతి, బిడ్డ లండన్ చదువు. మన ఇండ్లల్లో అయితే ఆ ఫోటో ఫ్రేము కట్టి దేవుడి పటాల పక్కన పెట్టి, ఇంక దాన్ని కదిలించనివ్వము. ఆమె అదంతా వదిలి ముంబాయికి తిరిగి వచ్చి, 2012 నుంచి 'ది కామెడీ స్టోర్' అనే చోట మైకు ముందర నిలబడడం మొదలుపెట్టింది. తండ్రి కార్ఖానా జీతం వదిలినట్టే బిడ్డ ఆఫీసు జీతం వదిలింది.

ఆ కామెడీ స్టోర్ ఉన్న చోటు గురించి నేతవాళ్ళకు చెప్పకపోతే పాపం. అది మొదట లండన్‌లో 1979లో పెట్టిన హాలు. ముంబాయి కొమ్మ 2010లో పెట్టినారు. యాడ పెట్టినారంటే, లోయర్ పరేల్‌లో, ఫీనిక్స్ మిల్లు ఆవరణలో కట్టిన మాల్‌లో. ఫీనిక్స్ మిల్లు అంటే 1905లో పెట్టిన బట్టల మిల్లు. ఆ మిల్లుల గుడ్డ వచ్చే కదా మన తాతల మగ్గాలు మూలపడింది! మా తాత మిల్లు అనే మాట వింటేనే వక్కాకు ఉమ్మేసేవాడు. ఆ మిల్లులకూ కాలం తీరింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగినారు. అది తెగలేదు, ముడిపడలేదు. చాలా మిల్లులు ఆ దెబ్బకు మళ్ళీ తేరుకోలేదు. పోను పోను ఆ జాగాల్లో అద్దాల మేడలు లేచినాయి. అదే 1982లో జానీ లీవర్ దేశాలు తిరిగే షోలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు ఆయన బిడ్డ, మగ్గాలు మోగిన నేల మీద మైకు పట్టుకుని నిలబడింది. అక్కడ టిక్కెట్టు కొని నవ్విన వాళ్ళకు ఈ సంగతి తెలుసో లేదో. మిల్లు పోయిందని మేము సంతోషపడాలా, ఏడవాలా, ఇప్పటికీ మాకు తేలదు. అందులో పనిచేసిన వాళ్ళల్లో తెలుగు నేతవాళ్ళు కూడా ఉన్నారు.

ఈ స్టాండప్ కామెడీ అనేది ఏందో మన పెద్దవాళ్ళకు రెండు మాటల్లో చెప్పాలి. నాటకం కాదు, హరికథ కాదు, పట్టిమన్రం కాదు. హరికథలో పక్కన తాళం, మద్దెల ఉంటాయి, దేవుడి కథ ఉంటుంది, జనం భక్తితో కూర్చుంటారు. పట్టిమన్రంలో నీ పక్షం వాళ్ళు ఇద్దరు ఉంటారు, నడువర్ అయ్య ఉంటాడు. ఇక్కడ ఏమీ లేదు. ఒక మైకు, ఒక స్టూలు, ఒక నీళ్ళ సీసా. కొత్తవాళ్ళకు మహా అయితే అయిదు నిముషాలు ఇస్తారు. నీ మాట నువ్వే రాసుకోవాలి, నువ్వే చెప్పాలి. నవ్వు రాకపోతే ఆ నిశ్శబ్దం మీద పడుతుంది, దాచుకోను చోటు లేదు. మరుసటి రోజు నవ్వు రాని మాట తీసేసి, వచ్చిన మాట ఉంచి, మళ్ళీ నిలబడాలి. అచ్చులో ఒక పోగు తప్పు దూరితే గజం నేసినాక గాని కనబడదు, కనబడినాక అంతా విప్పాలి, అట్లాంటి పని.

దాంట్లో ఆ బిడ్డ ఎక్కువగా పట్టుకున్నది మిమిక్రీ. మిమిక్రీ అంటే మన తెలుగువాళ్ళకు వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు. ఆయనకు 2001లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. కాని అప్పట్లో మిమిక్రీ అంటే మగవాళ్ళు, ఎక్కువగా మగవాళ్ళ గొంతులే. జేమీ ఆడవాళ్ళ గొంతులు పట్టింది. గాయని ఆశా భోస్లే గారి గొంతు, ఫరా ఖాన్ గొంతు. మేము గమనించింది ఏమంటే, గొంతు ఒకటే పట్టుకుంటే చాలదు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, చెయ్యి ఎక్కడ తిప్పుతారు, మాట చివర తల ఎట్లా ఊపుతారు, అదంతా పట్టాలి. అది పట్టాలంటే ఆ మనిషిని ఎంతో ఇష్టంగానైనా చూసి ఉండాలి, ఎంతో కోపంగానైనా చూసి ఉండాలి. మమ్మల్ని అనుకరించిన బిడ్డ మమ్మల్ని ఏ రకంగా చూసిందో, అడగను మాకు ధైర్యం చాలలేదు.

ఇంకొక మాట. ఆడవాళ్ళు నవ్వించడం మనకు కొత్త కాదు. తమిళనాడులో ఉండి ఆచ్చి మనోరమ గారిని ఎరగనివాళ్ళు ఎవరు? వెయ్యికి పైగా సినిమాలు. టి.ఏ. మధురం గారు అంతకంటే ముందు. తెలుగులో కదిరిలో పుట్టిన రమాప్రభ గారు. తర్వాత శ్రీలక్ష్మి గారు, ఆమె నాయన అమర్‌నాథ్ గారు కూడా నటుడే, ఇంటి కష్టం మీద ఆ బిడ్డ నటనలోకి వచ్చింది. కోవై సరళ గారు రెండు భాషల్లోనూ. వీళ్ళందరూ మహా గట్టివాళ్ళు. కాని ఒకటి చూడండి. మధురం గారు అంటే పక్కన ఎన్.ఎస్. కృష్ణన్. మనోరమ అంటే పక్కన నాగేష్. రమాప్రభ అంటే రాజబాబు. కోవై సరళ అంటే తెలుగులో బ్రహ్మానందం. సినిమావాళ్ళు పక్కన ఒక మగ కమెడియన్ను నిలబెట్టి గాని ఆడమనిషిని నవ్వించనివ్వలేదు. మన మగ్గం మాదిరే. ఆసు పోసేది, కండె చుట్టేది ఆడవాళ్ళు. పొద్దు పొడవక ముందే వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టేటప్పుడు ఒక కొస పట్టుకునేది వాళ్ళు. సంఘం పాసుపుస్తకంలో ఉండే పేరు మాత్రం మగవాడిది. మా రిజిస్టరులోనూ అంతే, మేమే రాసినాము.

ఆ లెక్కన మైకు ముందర ఒక ఆడబిడ్డ ఒక్కతే నిలబడడం చిన్న సంగతి కాదు. పక్కన ఎవరూ లేరు. వెనక తండ్రి పేరు ఉంది కదా అంటారా, ఉంది. ఆ పేరు తలుపు తెరిపిస్తుంది, నవ్వు తెప్పించదు. పైగా జానీ లీవర్ బిడ్డ అని టిక్కెట్టు కొన్నవాడు జానీ లీవర్ అంత నవ్వు అడుగుతాడు. గొప్ప నేతగాడి కొడుకు మగ్గం ఎక్కితే వీధి అంతా గుడ్డ అంచు పట్టి చూస్తారు కదా, అట్లా.

2013లో సోనీ టీవీలో 'కామెడీ సర్కస్ కే మహాబలీ' అనే కార్యక్రమంలో కనబడింది. సినిమా వేషం 2015లో. 'కిస్ కిస్‌కో ప్యార్ కరూఁ' అనే సినిమా, హీరో కపిల్ శర్మ, ఆయన కూడా స్టేజీ మీద నవ్వించి పైకి వచ్చినవాడే. అందులో జేమీది పనిమనిషి చంపా వేషం. తీసింది ఎవరు? అబ్బాస్-మస్తాన్. తండ్రికి 'బాజీగర్'లో నౌకరు వేషమిచ్చిన వాళ్ళే ఇరవై రెండేళ్ళకు బిడ్డకు పనిమనిషి వేషమిచ్చినారు. కాబట్టి తండ్రి పరిచయం అక్కరకు రాలేదు అని మేము బొంకము. వచ్చింది. మా కొడుక్కు మా సంఘంలో సేల్స్‌మన్ ఉద్యోగం ఎట్లా వచ్చిందో మీకు తెలీదా ఏంది! కాని లండన్ చదువు చదివిన బిడ్డకు కూడా నవ్వించే ఆడది అనేసరికి మొదట దొరికింది పనిమనిషి వేషమే. మనోరమ కాలం నుంచి ఈ ఒక్క విషయం మారలేదు.

స్టేజీ మీద నవ్వించేవాళ్ళు సినిమాలో తడబడతారు. కారణం తెలిసినవాళ్ళు చెప్పగా మాకు అర్థమైంది. స్టేజీ మీద నవ్వు వెంటనే వినబడుతుంది, దాన్నిబట్టి తర్వాతి మాట ఆపాలా, తొందరగా అనాలా తెలుస్తుంది. కెమెరా నవ్వదు. డైరెక్టరు కూడా నవ్వకూడదు, నవ్వితే సౌండు చెడుతుంది. బాగా వచ్చిందో లేదో ఆరు నెలలకు సినిమా విడుదలైనాక తెలుస్తుంది. ఇది సంతలో గుడ్డ పరిచి ఎదురుగా అమ్మేవాడికీ, సంఘానికి వేసి బిల్లు కోసం చూసేవాడికీ ఉన్న తేడా.

2019లో 'హౌస్‌ఫుల్ 4' వచ్చింది. అందులో తండ్రీ బిడ్డా ఇద్దరూ ఉన్నారు, సినిమాలో కూడా తండ్రీ కూతుళ్ళుగానే. 2021లో 'భూత్ పోలీస్'. మధ్యలో 2020 మూతల్లో, స్టేజీలు లేవు, షూటింగులు లేవు, ఆమె ఫోనునే స్టేజీ చేసుకుంది. మా ఇంటికి వచ్చింది అప్పుడే అని చెప్పినాము కదా. పని ఆగినప్పుడు మేము గోడౌనుకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాము. మేము ఎందుకు ఆ ఫోనులో మన లుంగీలు చూపించి అమ్మకూడదు అని మా మనవరాలు అప్పుడే అడిగింది. సంఘం బైలాలో లేదు అన్నాము. నిజంగా అదే అన్నాము.

తెలుగు సినిమా 2024లో. మే 3న విడుదలైన 'ఆ ఒక్కటి అడక్కు'. అల్లరి నరేష్ హీరో. పెళ్ళి కుదరని మగవాడి అగచాట్ల కథ, మన వీధుల్లో అట్లాంటి హీరోలు డజను మంది ఉన్నారు, మగ్గం వాడికి పిల్లనెవరిస్తారు అని. ముప్పై ఏళ్ళ కిందట ఇదే పేరుతో రాజేంద్ర ప్రసాద్ గారి సినిమా వచ్చింది, గుర్తుందా? దాన్ని తీసింది ఇ.వి.వి. సత్యనారాయణ గారు. నరేష్ ఆయన కొడుకే. ఇ.వి.వి. గారు 2011లో పోయినారు. అంటే ఒకే సినిమాలో, తెలుగు నాట నవ్వులు పంచిన తండ్రి కొడుకు ఒకరు, హిందీ నాట నవ్వులు పంచిన తెలుగు తండ్రి కూతురు ఒకరు. సినిమా ఎంత ఆడింది అనేది మాకు ముఖ్యం కాదు. కనిగిరి నుంచి పోయిన కుటుంబం బిడ్డ ముంబాయి చుట్టి, లండన్ చుట్టి, తెలుగు తెర మీదికి వచ్చింది.

ఈ సంగతి వింటే మాకు పడుగు అతకడం గుర్తుకు వచ్చింది. పాత పడుగు నేసి అయిపోవచ్చేటప్పటికి, అచ్చులో దాని కొసలు అట్లానే ఉంచుతాము. కొత్త పడుగు తెచ్చి ఒక్కొక్క పోగూ పాత కొసకు మెలేసి అతుకుతాము. వేలి కొసకు బూడిద అద్దుకుని, వందల పోగులు. పాత కొసలు లేకపోతే అచ్చు మొదటి నుంచి దూర్చాలి, అది ఇంకా కష్టం. కాని పాత కొసలు ఉన్నాయని కొత్త పడుగు దానంతట అదే అతుక్కోదు. కూర్చుని మెలెయ్యాల్సిందే. జేమీకి పాత కొసలు ఉన్నాయి. మెలేసింది మాత్రం ఆమె వేళ్ళే. తమ్ముడు జెస్సీ కూడా ఆ పనిలోనే ఉన్నాడు.

ఇప్పుడు మా బాకీ.

పోయిన నెల మేము ఆ బిడ్డ ఇంటికి పోయినాము. వాళ్ళ నాయన గుంట మగ్గంలో ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయినాడు. "లేవొద్దప్పా, నాడె ఆపొద్దు, మేము బిడ్డతో మాట్లాడను వచ్చినాము" అన్నాము. ఆ బిడ్డ తల్లి పక్కన కూర్చుని కండెలు చుడతా ఉంది. ఇంటర్లో చేరిందంట, మొదటి సంవత్సరం. ఆ పొద్దు తర్వాత బడిలో కూడా ఏ మైకు ముందరికీ పోలేదని వాళ్ళమ్మ చెప్పింది. మాకు మాట రాలేదు. కొంచెం సేపు మగ్గం చప్పుడు ఒకటే వినబడింది.

"అమ్మా, పోయిన ఏడు మైకు ఆపించింది మేమే. అది తప్పు" అన్నాము. అరవై దాటిన మనిషి పదారేళ్ళ బిడ్డకు ఆ మాట చెప్పడం ఎంత కష్టమో చెప్పి చూడండి, తెలుస్తుంది.

ఆ బిడ్డ రాట్నం ఆపి, "తాతా, నూలు వచ్చిందా?" అనింది.

"వచ్చిందమ్మా, మొన్ననే" అన్నాము.

"అయితే ఆ మాట ఇంక పనికిరాదు, కొత్తది రాసుకోవాలి" అనింది. మగ్గంలో నుంచి వాళ్ళ నాయన పెద్దగా నవ్వినాడు. ఆ బిడ్డ నవ్వలేదు. "ఈసారి మైకు ఆపరు కదా తాతా?" అని మళ్ళీ అడిగింది. ఆపము అని మాట ఇచ్చినాము. రిజిస్టరులో సంతకం పెట్టమన్నా పెడతాము అన్నాము. అక్కరలేదు అనింది.

కార్యక్రమ పట్టికలో మా పేరు తర్వాత ఉన్నది ఆ బిడ్డ పేరే. ఆటపాటల్లో కాదు, ప్రసంగాల్లోనే రాయించినాము. పది నిముషాలు. ఈసారి ఎవరిని పలుకుతుందో మాకు చెప్పలేదు. వేదిక మీద పెద్దలు కొందరు కొంచెం సర్దుకుని కూర్చుంటే మంచిది. సౌండు తమ్ముడు వేలూరు నుంచి వచ్చిన కొత్త తమ్ముడు, మేము చెయ్యి ఊపినా ఆపొద్దని అతనికి ముందే చెప్పి పెట్టినాము.

వేదిక ఎక్కే ముందు ఆ బిడ్డ మా కళ్ళద్దాలు అడిగింది. ఇచ్చేస్తా ఉన్నాము. అవి లేకపోతే ఈ కాయితంలో మిగిలింది మాకు కనబడదు. కాబట్టి ఆడికే ఆపుతాము.